గండమాల, గలగండం: మెడ గడ్డల కారణాన్వేషణ చరిత్ర

వ్యాససంగ్రహం

మెడమీద కనిపించే గడ్డలకు కారణమేమిటన్న ప్రశ్నకు వేర్వేరు కాలాలలో వేర్వేరు సమాధానాలు లభించాయి. ప్రాచీన భారతీయ వైద్యగ్రంథాలు వీటిని గండమాల, అపచి, గలగండం, గ్రంథి, అర్బుదం అని వర్గీకరించాయి. ఐరోపా వైద్యం చాలాకాలం వీటిలో కొన్నింటిని ఒకే పేరుతో వ్యవహరించింది. 19వ శతాబ్దంలో గండమాలకు క్షయ సూక్ష్మజీవి, గలగండానికి అయోడిన్ లోపం కారణాలుగా వెలుగులోకి వచ్చాయి. గలగండానికి నీటిలోని మలినం కారణమన్న సిద్ధాంతం 20వ శతాబ్దం తొలి దశకాలలో గిల్గిట్‌లో బలపడింది. 1956లో కాంగ్రా లోయలో మొదలైన ఉప్పు ప్రయోగం అయోడిన్ లోప సిద్ధాంతాన్ని భారతదేశంలో స్థిరపరచింది. ఈ అన్వేషణ క్రమాన్ని, అందులో తెలుగు ప్రాంతానికి ఉన్న సంబంధాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది. రోగానికి పెట్టిన పేరు దాని కారణాన్ని వెతికే దిశను ఎలా నిర్ణయిస్తుందో వివరిస్తుంది.

కీలకపదాలు: గండమాల, గలగండం, అపచి, క్షయ, థైరాయిడ్, అయోడిన్, మెక్‌కారిసన్, రామలింగస్వామి, కాంగ్రా లోయ.

1. ఉపోద్ఘాతం

మెడమీద వచ్చే వాపులకు తెలుగులో పలు మాటలున్నాయి. గడ్డ, కంతి, బిళ్ళ, కాయ అనేవి వాడుకలో తరచుగా వినిపిస్తాయి. చెవి కింద రెండు పక్కలా వాచి, జ్వరంతో పిల్లలకు వచ్చేవి గవదబిళ్ళలు. మెడచుట్టూ వరుసగా వచ్చేవి గండమాల. గొంతు ముందు భాగాన ఉబ్బేది గలగండం. ఈ పేర్లలో ఎక్కువ భాగం గడ్డ ఆకారాన్నో, అది వచ్చిన చోటునో తెలుపుతాయి. అది ఎందుకు వచ్చిందో చెప్పవు.

మెడ శరీరంలో చిన్న భాగమే అయినా, అక్కడ వేర్వేరు పనులు చేసే అవయవాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. దవడ కింద, చెవి ముందు లాలాజల గ్రంథులు ఉంటాయి. గొంతు ముందు సీతాకోకచిలుక ఆకారంలో థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. దవడ నుంచి కాలర్ ఎముక వరకు శోషరస గ్రంథులు గొలుసుగా వ్యాపించి ఉంటాయి. వీటిలో దేనికి వాపు వచ్చినా పైకి కనిపించేది గడ్డే. అందువల్ల చూపుకు ఒకేలా ఉన్నవాటిని కారణాన్ని బట్టి వేరు చేయడమే ఈ రోగాల చరిత్రలో ప్రధాన సమస్యగా నిలిచింది.

2. ప్రాచీన గ్రంథాలలో వర్గీకరణ

అథర్వవేదంలో అపచితములనే గడ్డలను పోగొట్టడానికి ఉద్దేశించిన మంత్రాలున్నాయి. ఆరవ కాండలోని ఒక సూక్తం మెడ వెనుక, మెడమీద, భుజాలమీద వచ్చే గడ్డలను వేర్వేరుగా లెక్కించి, అవి తొలగిపోవాలని కోరుతుంది. గడ్డలు ఒకటిగా కాక గుంపుగా వస్తాయన్న గమనింపు ఇందులో ఉంది. ఈ అపచితములను గండమాల వంటి రోగంగా పలువురు పండితులు భావించారు.

సుశ్రుత సంహిత నిదానస్థానంలోని 11వ అధ్యాయం గ్రంథి, అపచి, అర్బుదం, గలగండం అనే నాలుగింటిని ఒకేచోట చర్చిస్తుంది. తరువాతి కాలపు మాధవనిదానం ఈ జాబితాకు గండమాలను ప్రత్యేకంగా చేర్చింది. మెడ, భుజం, చంక, గజ్జలలో రేగుపండంత, ఉసిరికాయంత గడ్డలు వరుసగా వస్తే గండమాల అని, అవి పక్వమై చీము కారుతూ, కొన్ని మానుతూ, మరికొన్ని కొత్తగా పుడుతూ చాలాకాలం సాగితే అపచి అని ఆ గ్రంథం చెబుతుంది. గలగండం వీటికి భిన్నమైనది. గొంతు దగ్గర ఒకే వాపుగా పుట్టి కిందికి వేలాడుతుంది. వాతం, కఫం, మేదస్సు దీనికి కారణాలని శాస్త్రకారులు భావించారు.

దోషసిద్ధాంతాన్ని పక్కన పెట్టి చూసినా ఈ గ్రంథాల పరిశీలనాశక్తి రెండు చోట్ల స్పష్టమవుతుంది. మొదటిది, గండమాలతో పాటు దగ్గు, జ్వరం, పక్కనొప్పి, వాంతులు ఉంటే అది అసాధ్యమని మాధవనిదానం పేర్కొనడం. ఊపిరితిత్తుల వ్యాధికీ మెడగడ్డలకూ ఉన్న సంబంధాన్ని ఆనాటి వైద్యులు రోగుల స్థితిని బట్టి గుర్తించారని దీనివల్ల తెలుస్తుంది. రెండవది, గలగండంలో ఊపిరి కష్టమై, గొంతు బొంగురుపోయి, ఏడాది దాటి, రోగి చిక్కిపోతే చికిత్స పనికిరాదని చెప్పడం. గొంతుగడ్డతో పాటు స్వరం మారడాన్ని నేటి వైద్యులు కూడా ప్రమాద సూచనగానే తీసుకుంటారు.

వీటితో పాటు మరొక అంశం గమనించదగినది. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో నీటి గుణాలను వివరించే సందర్భంలో, హిమాలయాలలో పుట్టిన నదుల నీరు కలిగించే రోగాలలో గలగండాన్ని చేర్చారు. అంటే ఈ రోగానికి ఒక ప్రాంతంతో సంబంధముందని, ఆ సంబంధం తాగే నీటి ద్వారా ఏర్పడుతుందని భావించారు. ఈ భావనలోని మొదటి సగం సరైనదని, రెండవ సగాన్ని మరోవిధంగా అర్థం చేసుకోవాలని తేలడానికి 20వ శతాబ్దం వరకు ఆగవలసి వచ్చింది.

3. గండమాల: రాజస్పర్శ నుంచి సూక్ష్మజీవి వరకు

ఐరోపాలో గండమాలను స్క్రోఫులా అన్నారు. ఆడపంది అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఈ పేరు వచ్చింది. స్ట్రుమా అనే మరో లాటిన్ మాటను ఇదే రోగానికి వాడేవారు. తరువాతి కాలంలో అదే మాట గలగండానికి పేరయింది. జర్మన్ భాషలో నేటికీ గలగండాన్ని స్ట్రుమా అనే పిలుస్తారు. భారతీయ గ్రంథాలు వేరు చేసి చూపిన రెండు రోగాలు అక్కడ చాలాకాలం ఒకే పేరు కింద కలగలిసిపోయాయి.

ఇంగ్లండు, ఫ్రాన్సులలో ఈ గడ్డలకు రాజు చేతి స్పర్శ మందు అనే విశ్వాసం మధ్యయుగాల నుంచి ఉంది. ఇంగ్లండులో దీనికి రాజరోగం అనే అర్థం వచ్చే పేరే స్థిరపడింది. అయితే మన వైద్యగ్రంథాలలోని రాజయక్ష్మ ఊపిరితిత్తుల క్షయ. రెండుచోట్లా రాజు ప్రస్తావన ఉన్నా అర్థాలు వేరు. నిఘంటుకారుడు శామ్యూల్ జాన్సన్‌ను పసితనంలో 1712లో ఆన్ రాణి స్పర్శ కోసం లండన్ తీసుకువెళ్లారు. ఆ స్పర్శ వల్ల ఆయనకు ఫలితం దక్కలేదు. మెడమీద మచ్చలు జీవితాంతం మిగిలాయి. ఈ గడ్డలు కొన్నాళ్లు తగ్గి మళ్లీ వచ్చే స్వభావం కలవి. తగ్గిన కాలాన్ని స్పర్శ మహిమగా లెక్కించడం వల్ల ఆ విశ్వాసం అంతకాలం నిలిచి ఉండవచ్చు.

19వ శతాబ్దం తొలి దశకాలలో ఫ్రెంచి వైద్యుడు లెనెక్, శవపరీక్షల ఆధారంగా, ఊపిరితిత్తులలోనూ మెడగ్రంథులలోనూ కనిపించే క్షయకణుపులు ఒకే రోగానికి చెందినవని వాదించాడు. 1865లో విల్మాఁ రోగగ్రస్త పదార్థాన్ని కుందేళ్లకు ఎక్కించి క్షయ అంటుకునే రోగమని చూపాడు. 1882లో రాబర్ట్ కోక్ క్షయ సూక్ష్మజీవిని కనుగొన్నట్లు బెర్లిన్‌లో ప్రకటించాడు. దీనితో గండమాల స్వతంత్ర రోగం కాదని, అధిక సందర్భాలలో అది మెడగ్రంథులకు సోకిన క్షయ అని స్పష్టమైంది.

ఐరోపాలో పిల్లలకు వచ్చే గండమాలలో చాలాభాగానికి రోగమున్న ఆవుల పచ్చిపాలు కారణమని తరువాత తేలింది. పాలను వేడిచేసి శుద్ధిచేసే పద్ధతి వ్యాపించాక అక్కడ ఈ రోగం బాగా తగ్గింది. పాలు కాచి తాగే అలవాటున్న భారతదేశంలో మనుషుల మధ్య వ్యాపించే క్షయే దీనికి ప్రధాన కారణంగా ఉంది. ఊపిరితిత్తులకు వెలుపల వచ్చే క్షయలో మెడగ్రంథుల క్షయ నేటికీ మన దేశంలో అత్యధికంగా కనిపించే రూపం.

తెలుగునేలపై క్షయ చికిత్సకు 1915లో మదనపల్లె సమీపాన ఆరోగ్యవరం శానిటోరియం ప్రారంభమైంది. మందులు లేని ఆ కాలంలో మంచిగాలి, విశ్రాంతి, పౌష్టికాహారమే చికిత్స. 1940లలో స్ట్రెప్టోమైసిన్, తరువాతి దశకంలో ఐసోనియాజిడ్ వచ్చాక క్షయకు ఔషధ చికిత్స సాధ్యమైంది. రాజస్పర్శకు లొంగని గడ్డ నెలల తరబడి క్రమంగా వేసుకునే మాత్రలకు లొంగింది.

4. గలగండం: లోపమే కారణమన్న ఆలోచన

గలగండం చరిత్ర మరో దారిలో నడిచింది. సముద్రపు స్పాంజిని కాల్చి ఆ బూడిదను గలగండానికి మందుగా ఇవ్వడం ఐరోపాలో పాత పద్ధతి. 1811లో ఫ్రెంచి రసాయనవేత్త కుర్త్వా సముద్రపు నాచు బూడిద నుంచి అయోడిన్‌ను కనుగొన్నాడు. 1820లో జెనీవా వైద్యుడు క్వాందే స్పాంజి బూడిదలో పనిచేసేది అయోడినే అయి ఉంటుందని భావించి, దానితో గలగండానికి చికిత్స చేశాడు. గడ్డలు తగ్గాయి. కానీ మోతాదు మించడం వల్ల కొందరికి గుండెదడ, చిక్కిపోవడం వంటి లక్షణాలు కనిపించాయి. దీనితో అయోడిన్ పట్ల వ్యతిరేకత పెరిగింది.

దక్షిణ అమెరికాలో పనిచేసిన బూసింగో, అయోడిన్ ఉన్న సహజమైన ఉప్పు వాడే గ్రామాలలో గలగండం లేదని గమనించి, అటువంటి ఉప్పును పంచాలని 1830ల ప్రారంభంలోనే సూచించాడు. 1850లలో షాతాఁ నీటిలో, నేలలో అయోడిన్ తక్కువగా ఉన్నచోట గలగండం ఎక్కువని వాదించాడు. పారిస్ శాస్త్రమండలి దీనిని అంగీకరించలేదు. ఒక పదార్థం ఉండటం వల్ల రోగం వస్తుందనడానికి విషం, మలినం వంటి ఉదాహరణలు అందరికీ తెలిసినవే. ఒక పదార్థం లేకపోవడం వల్ల రోగం వస్తుందనే ఆలోచన విటమిన్ల కాలానికి ముందు మింగుడుపడనిది. ఆ శతాబ్దం చివరలో సూక్ష్మజీవి సిద్ధాంతం సాధించిన విజయాలు కూడా పరిశోధకుల దృష్టిని లోపం మీదికి పోనివ్వలేదు.

1895లో బౌమన్ థైరాయిడ్ గ్రంథిలోనే అయోడిన్ ఉందని కనుగొన్నాడు. ఆ గ్రంథి తయారుచేసే హార్మోన్‌కు అయోడిన్ అవసరమని క్రమంగా అర్థమైంది. అయోడిన్ చాలనప్పుడు మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌ను మరింత ప్రేరేపిస్తుంది. దొరికిన కొద్దిపాటి అయోడిన్‌ను పట్టుకునే ప్రయత్నంలో థైరాయిడ్ పెరుగుతుంది. గలగండం అనే వాపు ఈ సర్దుబాటుకు ఫలితమే. 1917లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో మెరైన్, కింబాల్ పాఠశాల బాలికలకు అయోడిన్ ఇచ్చి పరీక్షించారు. అయోడిన్ తీసుకున్న 2,190 మందిలో ఐదుగురికి మాత్రమే గ్రంథి పెరిగింది. తీసుకోని 2,305 మందిలో 495 మందికి పెరిగింది. 1922లో స్విట్జర్లండులో అయోడిన్ కలిపిన ఉప్పు వాడకం మొదలైంది.

5. గిల్గిట్ నుంచి కాంగ్రా లోయకు

భారతదేశంలో గలగండం మీద తొలి విస్తృత పరిశోధన చేసిన వైద్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్. 20వ శతాబ్దం తొలి దశకంలో ఆయన గిల్గిట్ ప్రాంతంలో సైనిక వైద్యుడు. అక్కడ కొన్ని గ్రామాలు ఒకే కాలువ వెంట ఒకదాని కింద ఒకటి ఉండేవి. పై గ్రామం వాడి వదిలిన నీరే కింది గ్రామానికి తాగునీరు. కిందికి వెళ్లేకొద్దీ గలగండం పెరుగుతోందని ఆయన గమనించాడు. వేరే ఊట నీరు తాగే గ్రామంలో ఈ రోగం కనిపించలేదు. నీటిని వడగట్టగా మిగిలిన మడ్డిని తానూ, మరికొందరూ సేవించి పరీక్షించాడు. కొందరికి గొంతు ఉబ్బింది. ఆ మడ్డిని మరిగించి ఇస్తే ఉబ్బలేదు. అందువల్ల నీటిలో జీవమున్న మలినమే కారణమని ఆయన నిర్ణయించాడు.

సుశ్రుతుని కాలం నాటి నీటి సిద్ధాంతమే ఇక్కడ సూక్ష్మజీవుల పరిభాషలో మళ్లీ వినిపించింది. మెక్‌కారిసన్ గమనించిన విషయాలు అబద్ధం కాదు. మలినమైన నీరు అయోడిన్ లోపాన్ని తీవ్రం చేయగలదని తరువాతి పరిశోధకులు కూడా భావించారు. అయితే ఆ కొండనేలలో మూలకారణం నీటిలో ఉన్నదానిలో లేదు, లేనిదానిలో ఉంది. మంచుదిబ్బల కదలికలు, వానలు, వరదలు వేల ఏళ్లుగా పర్వతప్రాంతాల పైమట్టి నుంచి అయోడిన్‌ను కడిగివేశాయి. ఆ నేలలో పండిన పంటలోనూ, ఆ నీటిలోనూ అయోడిన్ చాలదు.

మెక్‌కారిసన్ తరువాత కూనూరులో పోషకాహార పరిశోధనకు పునాది వేశాడు. ఆ కేంద్రం 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధి పొందింది. కూనూరులో కొంతకాలం పనిచేసిన తెలుగు వైద్యుడు వులిమిరి రామలింగస్వామి గలగండ పరిశోధనను మలుపు తిప్పాడు. ఆయన 1921లో శ్రీకాకుళంలో జన్మించాడు. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేశాడు. తరువాత అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు సంచాలకునిగా, భారత వైద్య పరిశోధన మండలికి అధిపతిగా పనిచేశాడు.

నేడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉన్న కాంగ్రా లోయలో 1956లో ఆయన బృందం ప్రయోగం ప్రారంభించింది. సుమారు లక్షమంది జనాభాను మూడు మండలాలుగా విభజించారు. ఎ మండలానికి పొటాషియం అయోడైడ్, సి మండలానికి పొటాషియం అయోడేట్ కలిపిన ఉప్పు, బి మండలానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. నీరు మారలేదు, నేల మారలేదు, తిండి మారలేదు. మారింది ఉప్పు ఒక్కటే. కొన్నేళ్లకు ఎ, సి మండలాలలోని పాఠశాల పిల్లలలో గలగండం గణనీయంగా తగ్గింది. బి మండలంలో తగ్గలేదు. 1962 నుంచి బి మండలానికీ అయోడిన్ ఉప్పు అందించగా అక్కడ కూడా తగ్గింది. తేమ వాతావరణంలో అయోడేట్ ఎక్కువకాలం నిలుస్తుంది కనుక భారతదేశంలో దానినే ఎంచుకున్నారు.

ఈ ప్రయోగానికి మరో పార్శ్వం కూడా ఉంది. పోల్చి చూడటానికి ఒక మండలంలోని పిల్లలు కొన్నేళ్లపాటు మామూలు ఉప్పుతోనే ఉండవలసి వచ్చింది. ఫలితం దేశమంతటికీ ఉపయోగపడింది. ఆ ఫలితం తేలేవరకు వేచి ఉన్న భారం మాత్రం ఆ పిల్లలు మోశారు.

6. గొంతు నుంచి మెదడుకు: మారిన దృష్టి

కాంగ్రా ఫలితాల ఆధారంగా 1962లో జాతీయ గలగండ నియంత్రణ కార్యక్రమం ప్రారంభమైంది. మొదట హిమాలయ పాదప్రాంతాలకే పరిమితమైన ఈ సమస్య మైదానాలలోనూ ఉందని తరువాతి సర్వేలు తెలిపాయి. 1984లో దేశంలోని తినే ఉప్పు మొత్తానికి అయోడిన్ కలపాలని ప్రభుత్వం నిర్ణయించింది. 1992లో కార్యక్రమం పేరును జాతీయ అయోడిన్ లోప రుగ్మతల నియంత్రణ కార్యక్రమంగా మార్చారు.

ఈ పేరుమార్పు ప్రాధాన్యం కలది. గలగండం అన్నంతవరకు సమస్య గొంతుకు సంబంధించినదిగా, చూపుకు వికారంగా ఉన్నా ప్రాణహాని లేనిదిగా కనిపిస్తుంది. కానీ గర్భిణికి అయోడిన్ చాలకపోతే శిశువు మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. చెవుడు, మూగతనం, బుద్ధిమాంద్యం కలగవచ్చు. ఇటువంటి బిడ్డ పుట్టినప్పుడు తల్లి చేసిన తప్పుగానో, పూర్వకర్మగానో భావించిన కుటుంబాలకు అసలు కారణం ఆ నేలలోనే ఉందని తెలియడం చిన్న విషయం కాదు. అయోడిన్ లోప రుగ్మతలు అనే పేరును 1983లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బాసిల్ హెట్జెల్ ప్రతిపాదించాడు. రోగానికి కనిపించే వాపును బట్టి కాక కారణాన్ని బట్టి పేరు పెట్టడం దీనితో మొదలైంది.

రామలింగస్వామి పుట్టిన శ్రీకాకుళం జిల్లాలోనే నౌపడ ఉప్పుమళ్లు ఉన్నాయి. సముద్రపు ఉప్పు కాబట్టి అందులో అయోడిన్ సహజంగానే తగినంత ఉంటుందని చాలామంది భావిస్తారు. ఉప్పు కట్టే ప్రక్రియలో మిగిలే అయోడిన్ అతి స్వల్పం. తీరంలో పండిన రాళ్ల ఉప్పుకైనా అయోడిన్ కలపవలసిందే. పెద్దవారికి రోజుకు కావలసినది సుమారు 150 మైక్రోగ్రాములు. జీవితకాలానికి అవసరమైనదంతా కలిపినా ఒక చిన్న చెంచాకు మించదు. ఉప్పులో అయోడిన్‌తో పాటు ఇనుమును కూడా చేర్చే పద్ధతిని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించింది.

7. రెండు కారణాలకు లొంగని గడ్డలు

మెడగడ్డలన్నీ క్షయకో, అయోడిన్ లోపానికో చెందవు. 1832లో లండన్ వైద్యుడు థామస్ హాడ్జ్‌కిన్ శోషరస గ్రంథులు, ప్లీహం పెరిగిన కొందరి శవపరీక్షల వివరాలు ప్రకటించాడు. వాటిలో కొన్ని క్షయకు సంబంధించనివి. శోషరస గ్రంథుల క్యాన్సర్‌లో ఒక రకానికి తరువాత ఆయన పేరు పెట్టారు. 1912లో జపాన్ వైద్యుడు హకారు హషిమోటో నలుగురు స్త్రీల థైరాయిడ్ వాపును పరిశీలించి, గ్రంథి నిండా తెల్లరక్తకణాలు చేరాయని చూపాడు. శరీర రక్షణవ్యవస్థే తన గ్రంథిపై దాడి చేయడం దీనికి కారణమని 1956 ప్రాంతంలో తేలింది. అయోడిన్ కొరత తీరిన ప్రాంతాలలో థైరాయిడ్ మందగించడానికి ఇది ప్రధాన కారణం. గవదబిళ్ళలకు వైరస్ కారణమని 1934లో జాన్సన్, గుడ్‌పాశ్చర్ నిరూపించారు. నోరు, గొంతులలోని క్యాన్సర్ మెడగ్రంథులకు పాకినప్పుడు కూడా ముందుగా కనిపించేది గడ్డే కావచ్చు. పొగాకు వాడకం ఎక్కువగా ఉన్న సమాజంలో ఈ విషయం మరింత ముఖ్యం.

ఇన్ని కారణాలను పైచూపుతో విడదీయడం కష్టం. గుటక వేసినప్పుడు పైకి కదిలే గడ్డ సాధారణంగా థైరాయిడ్‌కు చెందినది. ఒకదానికొకటి అతుక్కున్న గ్రంథులు క్షయను, రాయిలా గట్టిపడి కదలని గడ్డ క్యాన్సర్‌ను అనుమానింపజేస్తాయి. ఇవి సూచనలే తప్ప నిర్ధారణలు కావు. 1930లో న్యూయార్క్‌లో మార్టిన్, ఎల్లిస్ సూదితో గడ్డలోని కణాలను లాగి పరీక్షించే పద్ధతిని వివరించారు. నేడు జిల్లా ఆసుపత్రులలో కూడా లభించే ఈ పరీక్ష ప్రాచీనులు గ్రంథి, అపచి, అర్బుదం అని విభజించడానికి చేసిన ప్రయత్నాన్ని కణస్థాయికి తీసుకువెళ్లింది.

8. ముగింపు

పై చర్చవల్ల కింది అంశాలు స్పష్టమవుతున్నాయి.

ప్రాచీన భారతీయ వైద్యులు గండమాలను, గలగండాన్ని వేరుగా గుర్తించారు. వారి కారణ సిద్ధాంతం నేడు నిలవకపోయినా, లక్షణాల వర్ణన, ప్రమాద సూచనలు చాలావరకు నిలిచాయి.

గండమాల విషయంలో కారణం ఒక జీవి ఉండటం. గలగండం విషయంలో కారణం ఒక మూలకం లేకపోవడం. మొదటిదానికి దొరికిన సమాధానమే రెండవదాని అన్వేషణను కొంతకాలం పక్కదారి పట్టించింది. గిల్గిట్‌లో ఎంతో నిజాయితీగా జరిగిన పరిశోధన సైతం ఇందుకు మినహాయింపు కాలేదు.

తెలుగు వాడుకలో గండమాల అనే మాట మెడగడ్డలన్నింటికీ వర్తించే సందర్భాలు నేటికీ ఉన్నాయి. పేరు తెలియగానే రోగం తెలిసినట్లు భావించి, పసరుకట్లతోనూ వాతలతోనూ నెలలు గడిపేవారికి ఈ చరిత్ర ఒక హెచ్చరిక. రెండు మూడు వారాలు దాటినా తగ్గని గడ్డ ఏ పేరుతో పిలిచినా పరీక్షించదగినదే. ఆరోగ్య ప్రచారానికి తెలుగు మాటలను ఎంచుకునేవారు గడ్డ అనేది రోగం పేరు కాదని, లోపలి రోగానికి గుర్తు అని స్పష్టం చేయవలసి ఉంది. గండమాల, గలగండం, గవదబిళ్ళలు అనే మూడు మాటలను వాటి వాటి అర్థాలలోనే వాడటం అందుకు తొలిమెట్టు.